బాపు అడిగిన రసీదు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఆదివారం రాత్రి 11 గంటల 52 నిమిషాలకు ఒక వెబ్ ప్రోగ్రామింగ్ సదస్సుకు టాక్ ప్రపోజల్ పంపాను. గడువు 12 గంటల వరకే. ఫలితం వచ్చే నెలలో వస్తది. "వచ్చినంక రాయొచ్చు గదరా" అన్నాడు మా రూమ్మేట్. సెలెక్ట్ అయినంక రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటది. కాకపోతే అసలు రాయబుద్ధే కాదు. అందుకే మధ్యలోనే రాస్తున్నాను. సదస్సు పేరు మాత్రం ఇప్పుడు చెప్పను.

నా గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మాది ఉట్నూరు దగ్గర ఒక గోండు గూడెం. బాపు, అవ్వ పత్తి, జొన్న, కంది వేస్తారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఉట్నూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి జేబీఎస్. అక్కడి నుంచి ఈసీఐఎల్, ఈసీఐఎల్ నుంచి కీసర పోయే రోడ్డు మీద నాగారం. ఇక్కడి హాస్టల్లో ఉండబట్టి ఇది మూడో సంవత్సరం.

మొదటిసారి బాపు నన్ను దింపడానికి వచ్చినప్పుడు ఈసీఐఎల్ చౌరస్తాలో టీ తాగుతూ ఒక సంగతి చెప్పాను. ఈసీఐఎల్ అంటే బస్టాపు పేరు కాదు, 1967లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ, మన దేశంలో కంప్యూటర్లు తయారు చేసిన మొదటి కంపెనీల్లో ఒకటి, మనం ఓటేసే మిషన్లు తయారు చేసే రెండు కంపెనీల్లో ఇది ఒకటి అని. బాపు చాలాసేపు ఆ గేటు వైపు చూశాడు. ఆయన చేత్తో నొక్కిన కంప్యూటర్ అదొక్కటే మరి. "దాంట్ల మన పేరు రాసే పని లేదు, బొమ్మ చూసి నొక్కుడే" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా అనిపించలేదు. ఈ పోస్టు చివరికి వచ్చేసరికి మీకు అర్థమైతది.

ఇప్పుడు సదస్సు సంగతి. ప్రోగ్రామర్లు ఒకచోట చేరి, తాము చేసిన పని గురించి ఒకరికొకరు చెప్పుకునే జాతర అనుకోండి. పైథాన్ వాళ్లకు పైకాన్ ఇండియా ఉంది. 2009లో బెంగళూరులో మొదలైంది, 2018లోనూ 2023లోనూ మన హైదరాబాద్‌లోనే జరిగింది. హైదరాబాద్ వాళ్లు 2017 నుంచి పైకాన్ఫ్ హైదరాబాద్ అని సొంతంగా కూడా పెట్టుకుంటున్నారు. జావాస్క్రిప్ట్ వాళ్ల కోసం 2011లో బెంగళూరులో జేఎస్‌ఫూ మొదలైంది. ఇలాంటివాటిలో మాట్లాడేవాళ్లంతా అమెరికా నుంచి దిగినవాళ్లో, పెద్ద కంపెనీల మేనేజర్లో అనుకునేవాణ్ణి. పిలిస్తేనే పోతారు అనుకునేవాణ్ణి.

అట్లా కాదట. మెయిన్ స్టేజీ మీద ఒకరిద్దరిని నిర్వాహకులే పిలుస్తారు. మిగతా టాకులు ఎక్కువగా ప్రపోజల్స్ నుంచే తీసుకుంటారు. వెబ్‌సైట్‌లో ఒక ఫారం ఉంటది. టాక్ శీర్షిక, సారాంశం, ఏ నిమిషంలో ఏం చెప్తారు, ఎవరి కోసం చెప్తారు, విన్నవాళ్లకు ఏం దొరుకుతది, మీరెవరు. గంతే. ఎవరైనా పంపొచ్చు. డిగ్రీ అడగరు. కొన్నిచోట్ల మొదటి వడపోతలో పేర్లు, కాలేజీలు దాచిపెట్టి చదువుతారు. ఈ సంగతి నాకు చెప్పింది మా సీనియర్ అక్క ఒకామె. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి ఇప్పుడు కంపెనీలో పనిచేస్తుంది. "పంపురా, పైసలేం అడుగుతలేరు గదా" అన్నది.

పంపాను. అది పోయిన సంవత్సరం. దాని గురించి చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే.

నేనేం చేశానంటే, ఆ సంవత్సరం అందరూ ఏం మాట్లాడుతున్నారో చూశాను. మైక్రో ఫ్రంటెండ్స్ అనే మాట చాలాచోట్ల కనిపించింది. పెద్ద వెబ్‌సైట్‌ను ముక్కలు ముక్కలుగా వేరువేరు టీములు కట్టే పద్ధతి అది. నేను ఏ టీములోనూ లేను. నేను కట్టిన పెద్ద వెబ్‌సైట్ కూడా లేదు. కానీ ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే పది నిమిషాల్లో మెరిసిపోయే ఇంగ్లీషులో ప్రపోజల్ రాసిచ్చింది. చదువుతుంటే నాకే నేను గొప్పోణ్ణి అనిపించింది. పంపేశాను.

నెల తర్వాత రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది. కింద ఒక్క వాక్యం ఉంది. ఇందులో మీరు సొంతంగా చేసిన పని ఏది అని అడిగారు. తిట్టలేదు, వెక్కిరించలేదు. అడిగారు, గంతే. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు బువ్వ సయించలేదు. 'మనలాంటోళ్లకు ఇవి కావు' అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే మనలాంటోళ్లు అన్న కారణం వల్ల కాలేదు. నాది కాని పనిని నాదని రాశాను, అందుకే కాలేదు. రెండూ వేరువేరని ఒప్పుకోవడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

ఈ సంవత్సరం అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి టాపిక్ ఏందని అడగలేదు. "నీకు బాగా కోపం తెప్పించిన కోడ్ ఏందిరా?" అని అడిగింది. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది. "పేరు పెట్టె, అక్కా."

ఆ కథ చెప్తాను.

మా చెల్లి పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరడానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. ఏ వెబ్‌సైటో ఇక్కడ అవసరం లేదు. 'వివరాలు సరిపోలలేదు' అని ఎర్రక్షరాలు వచ్చాయి. ఏ వివరాలు, ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏమీ లేదు. నెట్ సెంటర్ అన్న నాలుగుసార్లు కొట్టి చూశాడు. చివరికి మండలంలో అడగమన్నాడు. అది పత్తి వేసే కాలం. బాపు మూడుసార్లు పోయాడు. పోయిన ప్రతిసారీ ఒక రోజు పని పోయింది, బస్సు కిరాయి పోయింది. మూడోసారి ఒక సారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాడట. స్కూల్ సర్టిఫికెట్‌లో ఆత్రం అనే ఇంటిపేరు ఇంగ్లీషులో 'టీ' పక్కన 'హెచ్'తో ఉంది. చిన్నప్పుడు చేయించిన గుర్తింపు కార్డులో ఆ 'హెచ్' లేదు. ఒక్క అక్షరం. కార్డులో మార్పించి, మళ్లీ దరఖాస్తు పెట్టి, చెల్లి క్లాసులో కూర్చునేసరికి రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలల ఫిజిక్స్ దానికి ఇప్పటికీ రాదు.

ఆ 'హెచ్' ఎక్కడ పోయింది? మా అవ్వ పుట్టిల్లు రాష్ట్ర సరిహద్దు అవతల, కిన్వట్ వైపు. చెల్లి చిన్నప్పుడు అక్కడే అమ్మమ్మ దగ్గర ఉంది, కార్డు అక్కడే చేయించారు. అటు వాళ్లు దేవనాగరిలో రాసినదాన్ని ఇంగ్లీషులోకి మారుస్తారు, 'త'కు ఒక్క 'టీ' చాలు. ఇటు మన తెలుగోళ్లకు 'త' రాయాలంటే 'టీ' పక్కన 'హెచ్' కూడా పెట్టే అలవాటు. రెండూ తప్పు కాదు. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు అప్పటిదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్, రాజురా తాలూకాలు అటు పోయాయి. మా చుట్టాలు మాత్రం రెండు వైపులా ఉండిపోయారు. ఒకే ఇంటిపేరు, ఒకే సగ, సరిహద్దుకు ఇటు ఒక స్పెల్లింగు, అటు ఒక స్పెల్లింగు. ఆ వెబ్‌సైట్‌కు సరిహద్దు తెలియదు. ఒక అక్షరం తేడా ఉంటే ఇద్దరు మనుషులు అనుకుంటది.

అక్క అంతా విని, "కోపం బాగుంది. కానీ ఇది ఫిర్యాదు. టాక్ కావాలంటే నువ్వు చేసింది ఉండాలె" అన్నది.

అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండు అనిపించింది కూడా.

సెకండియర్‌లో మా కాలేజీ ఫెస్ట్‌కు రిజిస్ట్రేషన్ ఫారం కట్టింది నేనే. నా మొదటి వెబ్ పేజీ అది. ఎంత సంబురపడ్డానో చెప్పలేను. దాంట్లో మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు పెట్టెలు పెట్టి, రెండూ తప్పనిసరి చేశాను. ఇంగ్లీషులో ఏ నుంచి జెడ్ వరకు అక్షరాలు తప్ప ఇంకేమీ పట్టకూడదని ఒక రూలు రాశాను. యూట్యూబ్ పాఠంలో అట్లనే ఉంది, ఎత్తి పెట్టేశాను. మా ఫ్లోర్‌లో ఒక తమ్ముడికి కాగితాలన్నింట్లో ఒకటే పేరు, ఇంటిపేరు లేదు. నా ఫారం వాణ్ణి పోనియ్యలేదు. వాడు నా దగ్గరికి వచ్చి "అన్నా, ఏం రాయాలె?" అని అడిగితే, "పేరే రెండుసార్లు కొట్టురా" అని నవ్వాను. సర్టిఫికెట్ మీద వాడి పేరు రెండుసార్లు అచ్చయి వచ్చింది. ఫెస్ట్ మొత్తం వాణ్ణి అట్లనే పిలిచారు, డబుల్ అని.

చెల్లిని ఆపిన రూలు లాంటిదాన్నే నేనూ రాశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. పగబట్టి రాసింది కాదు. నాకు నేర్పినవాళ్లకు రెండు పేర్లున్నాయి, వాళ్లు అట్లా రాశారు. నేను అడగకుండా ఎత్తి పెట్టాను.

అక్కడ నా టాక్ దొరికింది.

తర్వాత నెల రోజులు ఆ ఫారాన్ని మళ్లీ కట్టాను. మా ఫ్లోర్ వాళ్లందరి పేర్లూ వాళ్లను అడిగి తీసుకున్నాను. గోండు, కోలాం, లంబాడా, కోయ, ఎరుకల, అన్ని రకాల పేర్లూ ఉన్నాయి. ఒక్కొక్కటి ఫారంలో కొట్టి, ఎక్కడ ఆగుతుందో నోటుబుక్కులో రాసుకున్నాను. అప్పుడు తెలిసిన కొన్ని విషయాలు ఇక్కడ చెప్తాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా చదవండి, మన పేర్ల సంగతి ఇది.

మొదటిది. ఏ నుంచి జెడ్ రూలు తీసేసి, ప్రపంచంలో ఏ లిపి అక్షరమైనా పట్టాలని ఇంకో రూలు పెట్టాను. జావాస్క్రిప్ట్‌లో 2018 నుంచి ఆ సౌకర్యం ఉంది. తెలుగులో 'కోవ' అని కొట్టాను. ఆగిపోయింది! ఎందుకంటే, కంప్యూటర్లలో అన్ని లిపులకూ లెక్క రాసే యూనికోడ్‌లో 'క' అక్షరమే గాని దానికి పెట్టిన ఓత్వం అక్షరం కాదు, 'మార్క్' అనే వేరే జాతి. మన గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ అందులోకే వస్తాయి. అక్షరంతో పాటు మార్క్‌ను కూడా రానియ్యాలని రాస్తే గాని తెలుగు పేరు లోపలికి పోదు. మంచి మనసుతో రూలు సడలించిన ప్రోగ్రామర్ కూడా ఇక్కడ తప్పు చేస్తాడు. నేను చేశాను.

రెండోది. ఆత్రం అంటే మన కంటికి రెండక్షరాలు. ఆ, త్రం. జావాస్క్రిప్ట్‌ను అడిగితే ఐదు అంటది. ఆ, త, పొల్లు, ర, సున్నా. పేరు ఇన్ని అక్షరాలు మించొద్దు, ఇన్నిటికి తగ్గొద్దు అని పెట్టే రూళ్లన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మన నార్నూర్ మండలం గుంజాల తెలుసు గదా. అక్కడ దొరికిన గోండి రాతప్రతులను ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ లిపి గుంజాల గోండి పేరుతో 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో చేరింది. అంతకుముందు సంవత్సరం, 2017లో, మసరాం గోండి లిపి చేరింది. అంటే మన ఊరి పేరు మీద ఒక లిపి ప్రపంచంలోని కంప్యూటర్ల లెక్కల్లో ఉంది. నోటో అనే ఉచిత ఫాంట్లలో దానికి ఫాంటు కూడా ఉంది. కానీ ఆ లిపిలో పేరు కొడితే నా ఫారం ఏం చేసిందో చూడండి. జావాస్క్రిప్ట్ ఒక్కో అక్షరాన్ని రెండుగా లెక్కపెట్టింది. సేవ్ చేస్తే డేటాబేస్ ఎర్రర్ ఇచ్చింది. తెలుగు అక్షరం దాచడానికి మూడు బైట్లు కావాలి, గుంజాల గోండి అక్షరానికి నాలుగు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పాత అమరిక ఒకటుంది, అది మూడు బైట్లకు మించి పట్టదు. నేను ఏదో పాత పాఠం చూసి అదే పెట్టాను. యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చితే నాలుగు బైట్లూ పట్టింది. ఒక్క మాట మార్పు. ఆ రాత్రి డేటాబేస్‌లోంచి గుంజాల గోండిలో మా ఇంటిపేరు తిరిగొచ్చి స్క్రీన్ మీద కనిపించింది. రూమ్మేట్‌ను లేపి చూపించాను. వాడు లంబాడా, వాడికి ఆ లిపి రాదు, నాకూ సరిగా రాదు. ఇద్దరం కాసేపు చూస్తూ కూర్చున్నాం.

ఇంకోటి చెప్పాలి. ఆ లిపి యూనికోడ్‌లోకి దానంతటది రాలేదు. అన్షుమన్ పాండే అనే లిపుల పరిశోధకుడు ప్రపోజల్ రాశాడు. ఏ అక్షరం ఎట్ల ఉంటది, ఏది దేని పక్కన వస్తది, ఎక్కడ వాడుతున్నారు, ఆధారాలు ఏవి, అన్నీ పేజీలకు పేజీలు రాసి పంపాడు. వాళ్లు చదివి, చర్చించి, చేర్చారు. ప్రపోజల్ అనే మాటకు నాకున్న భయం అక్కడ సగం పోయింది. ఎవరో కూర్చొని, తనకు తెలిసింది ఓపికగా, వరుసగా రాసి పంపిన కాగితమే అది.

ఈ పేర్ల బాధ మనకొక్కరికే లేదు. పాట్రిక్ మెకంజీ అనే ప్రోగ్రామర్ 2010లో, పేర్ల విషయంలో ప్రోగ్రామర్లు నమ్మే 40 తప్పుడు నమ్మకాలు అని ఒక జాబితా రాశాడు. అందరికీ ఇంటిపేరు ఉంటది అనేది అందులో ఒకటి. వెబ్‌కు ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లు కూడా ప్రపంచంలో ఏ దేశంలో పేర్లు ఎట్ల ఉంటాయో, ఫారంలో ఏం చేయాలో ఒక వ్యాసం పెట్టారు. ఇవన్నీ చదివినంక నాకు ఒక అనుమానం వచ్చింది. అన్నీ తెలిసిన సంగతులే అయితే ఇంక నేను చెప్పేదేముంది? అక్కను అడిగాను. "వాళ్లు చెప్పిండ్రు. అయినా నువ్వు రాసినవ్ గదా ఆ రూలు? ఎందుకు రాసినవో అది చెప్పు. అది ఇంకెవ్వరికి తెల్వది" అన్నది.

ఇంక రాయడం మొదలుపెట్టాను. ఈసారి ముందు తెలుగులో రాశాను. తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. చాట్‌బాట్‌కు వ్యాకరణం తప్పులు మాత్రం చూపించమన్నాను, వాక్యాలు మార్చొద్దన్నాను. శీర్షిక 'నా చెల్లిని ఆపిన రూలు, నేనూ రాశాను' అని పెట్టాను. మొత్తం 25 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు రెండు కథలు, చెల్లిది, ఫెస్ట్ తమ్ముడిది. తర్వాత పది నిమిషాలు ఫారం ఎక్కడెక్కడ ఆగిందో చూపించడం. మిగతా పది ఎట్ల బాగు చేశానో. పేరుకు ఒక్కటే పెట్టె పెట్టాలి, ఇంటిపేరు తప్పనిసరి చేయొద్దు. రెండు కాగితాల్లో స్పెల్లింగు కలవకపోతే తలుపు మూయొద్దు, గుర్తు పెట్టి మనిషికి చూపించాలి. ఎర్రక్షరాల్లో ఏది కలవలేదో తెలుగులో చెప్పాలి. చివరిదానికి పైసా ఖర్చు లేదు. అదొక్కటి ఉన్నా మా బాపు రెండు ట్రిప్పులు తప్పేవి.

రెండు చోట్ల చేయి ఆగింది.

ఒకటి, చెల్లి కథ. అది దాని కథ. అడగకుండా వందల మంది ముందు చెప్పడం తప్పు. ఫోన్ చేశాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా పేరు చెప్పకు. ఇంటిపేరు చెప్పు. ఫిజిక్స్ సంగతి కూడా చెప్పు" అన్నది. ఫెస్ట్ తమ్ముడిని కూడా అడిగాను. ముందు సారీ చెప్పాను, చాలా ఆలస్యంగా. వాడు "డబుల్ అని పిలిచిండ్రని కూడా చెప్పు అన్నా, నవ్వుతరు" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు, నాకే నవ్వు రాలేదు.

రెండోది, 'మీ గురించి' అనే పెట్టె. గోండు విద్యార్థిని అని రాయాలా వద్దా? రూమ్మేట్ వద్దన్నాడు. "రాస్తే సెలెక్ట్ అయినా గందుకే ఇచ్చిండ్రు అంటరు. మనకు ఎన్నిసార్లు అనలేదు?" అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. ఈ గ్రూపులో ఉన్న అందరికీ తెలిసిన నిజం అది. సీటొస్తే రిజర్వేషన్ అంటారు, రాకపోతే అయినా రాలేదు అంటారు. రెండు రోజులు ఆ పెట్టె ఖాళీగానే ఉంచాను. ఒకసారి రాసి, కొట్టేశాను. చివరికి ఇట్లా ఆలోచించాను. గోండు అనే మాట తీసేస్తే నా టాకులో ఏం మిగులుతది? కిన్వట్ పోతది, గుంజాల పోతది, రెండు స్పెల్లింగుల కారణం పోతది. అప్పుడది ఎవరైనా చెప్పగలిగే టాక్ అవుతది. నాకు ఆ సంగతి తెలిసిందే నేను గోండును కాబట్టి. పెద్ద కంపెనీలో పనిచేసినాయన తన అనుభవం అని కంపెనీ పేరు రాసుకుంటాడు గదా, ఇదీ అట్లాంటిదే. రాశాను. మూడు వాక్యాలు. ఉట్నూరు దగ్గర గోండు గూడెం నుంచి వచ్చాను, నాగారంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను, ఫారాలు కడతాను.

రూమ్మేట్ ఇప్పటికీ వద్దనే అంటున్నాడు. మీరేమంటారో కామెంట్లలో చెప్పండి. వాడి వైపు మాట్లాడినా ఏమనుకోను.

అన్నీ నింపి ఫారం మొదటికి వచ్చేసరికి 11 గంటల 40. పేరు నింపలేదు, చివరికి ఉంచాను. చూస్తే ఒక్కటే పెట్టె ఉంది. మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు లేవు. పక్కన చుక్క కూడా లేదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు. మా ఇంట్లో పిలిచినట్టే ఇంటిపేరు ముందు, నా పేరు తర్వాత కొట్టాను. 52కి పంపాను. మెయిల్ వచ్చింది, మీ ప్రపోజల్ అందింది అని, ఒక నంబరుతో.

తెల్లారి బాపుకు ఫోన్ చేశాను. ప్రపోజల్ అంటే ఏం చెప్పాలో తెలియక గోండిలో తడబడ్డాను. చివరికి "అర్జీ లాంటిది బాపూ" అన్నాను. ఆయనకు అర్జీలు బాగా తెలుసు. పోడు పట్టా కోసం ఎన్ని రాయించాడో. వెంటనే అడిగాడు, "రసీదు తీసుకున్నవా?"

మెయిల్ వచ్చింది, నంబరు ఉంది అన్నాను. "అది జాగ్రత్త పెట్టు. రేపు ఇయ్యలేదంటే చూపియ్యాలె" అన్నాడు. తర్వాత "ఏం అడిగినవ్ అందుల?" అన్నాడు.

నేను ఆగిపోయాను. ఆలోచిస్తే, నేను ఏమీ అడగలేదు. సీటు అడగలేదు, స్కాలర్‌షిప్ అడగలేదు, పట్టా అడగలేదు. "అడగలే బాపూ. వాళ్లకు తెల్వనిది ఒకటి నాకు తెలుసు, వచ్చి చెప్తా అన్న" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఏంది తెలుసు నీకు?" "చెల్లి పేరు సంగతి." మళ్లీ చప్పుడు లేదు. తర్వాత "అయితే నేను మూడుసార్లు తిరిగిన సంగతి గూడ చెప్పు" అన్నాడు.

చెప్తాను బాపూ. అది నాలుగో నిమిషంలో ఉంది.

ఇంక గ్రూపు వాళ్లకు మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మనకు అర్జీలు రాయడం బాగా అలవాటు. రాయాలి కూడా, మన హక్కులు అట్లనే వచ్చాయి. కానీ మనం ఇచ్చే కాగితం కూడా ఒకటి ఉంటదని నాకు ఇరవై ఏళ్లకు తెలిసింది. మీలో ఎవరైనా నర్సింగ్ చదువుతుండొచ్చు, అగ్రికల్చర్ చదువుతుండొచ్చు, టీచర్ ట్రైనింగ్‌లో ఉండొచ్చు. మీ రంగంలో కూడా ఇట్లాంటి సదస్సులు ఉంటాయి, ఫారాలు ఉంటాయి. మీకు కోపం తెప్పించిన సంగతి ఒకటి పట్టుకోండి. దాని మీద మీ చేత్తో ఏదో ఒక పని చేయండి, చిన్నదైనా సరే. అప్పుడు రాయండి. నాలాగ పక్కోడి పని ఎత్తి రాయకండి. వాళ్లు ఒక్క ప్రశ్న అడుగుతారు, దొరికిపోతాం.

రెండోది, చాలా సదస్సుల్లో టాక్ ఇచ్చేవాళ్లకు టికెట్ కొనే పని ఉండదు. కొన్నిచోట్ల ప్రయాణానికి, ఉండటానికి సాయం చేసే ఫారం వేరుగా ఉంటది. పైకాన్ ఇండియా లాంటి వాటిలో ఐదు నిమిషాల లైట్నింగ్ టాకులు కూడా ఉంటాయి, వాటికి ముందు నుంచి పెద్ద ప్రపోజల్ అక్కర్లేదు. పైసలు లేవని మొదలే ఆగిపోకండి, ఫారం చివరిదాకా చదవండి.

మూడోది నాకోసం. మీ పేరును ఏదైనా ఫారం ఎప్పుడైనా ఆపి ఉంటే, ఎక్కడ ఆగింది, మీరేం చేసి గట్టెక్కారు, కామెంట్‌లో రాయండి. వెబ్‌సైట్ పేరు వద్దు, మీ అసలు పేరు కూడా వద్దు. ఏ అక్షరం దగ్గర ఆగిందో చాలు. సెలెక్ట్ అయితే మీరు చెప్పినవి కూడా స్టేజీ మీదికి తీసుకుపోతాను. కాకపోతే వచ్చే సంవత్సరం ప్రపోజల్‌లో పెడతాను. నా ప్రపోజల్ మొత్తం కావాలన్నవాళ్లు మెసేజ్ చేయండి, పోయిన సంవత్సరం రిజెక్ట్ అయింది కూడా పంపుతాను. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా మీకే తెలుస్తది.

రసీదు మాత్రం జాగ్రత్తగా పెట్టుకున్నాను.

జై సేవా. జై సేవాలాల్.

మీ తమ్ముడు,
నాగారం హాస్టల్ నుంచి